వరస తప్పిన పేజీ

నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న ఇంట్లోనే చేయి పట్టుకుని పలక మీద దిద్దించారు. ఆయన చలవ వల్లే, గజపతినగరం దగ్గర అత్తవారింటికి వచ్చాక ఆ ఇంటి ఆడవాళ్లలో రాయను చదవను వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను. పంతొమ్మిది వందల అరవైల చివర మా అత్త ఒక లావుపాటి పుస్తకం కొనిపించి, తన పేరున రామకోటి రాయమంది.

రోజూ మధ్యాహ్నం గిన్నెలు తోమాక కూర్చుని రామనామం రాసేదాన్ని. ఒకనాడు పేజీ అడుగున కాస్త చోటు మిగిలితే, చూరు కింద వానకు ముడుచుకున్న కోడిపెట్ట గురించి రెండు వరసలు రాశాను. తర్వాత అది అలవాటైంది. పొంగిన గంజి, చేటలో మిగిలిన రాళ్లు, ఏది కంటబడితే దాని మీద రెండేసి వరసలు.

అత్తకు అక్షరం రాదు గానీ కన్ను పదును. ఒకరోజు నేను రాస్తుండగా వచ్చి పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ వరస తప్పినాదేటే?" అంది.

"అది శ్లోకం అత్తా."

"శ్లోకం రాస్తే నవ్వొస్తాదేటి? ఇందాకట్నుంచి నీ మొగం సూస్తన్నాను."

నేను పుస్తకం మూయబోయాను. ఆవిడ ఆ పేజీని కళ్లకద్దుకుంది. అందులో ఉన్నది ఆవిడే.

అలికి వచ్చిన చేయి, తడి ఇంకా ఆరలేదు,
నా నుదుటి మీద పెట్టి జ్వరం చూసింది.

పుస్తకం నిండాక రామతీర్థం వెళ్లి గుడిలో సమర్పించాం. తిరుగు బస్సులో అత్త, "ముప్పయ్యేళ్లు ఈ ఇంటికి సేసినాను. ఒక్క మంచిమాట ఎవులైనా అన్నారేటి? సారులో ఉప్పెక్కువైతేనే మీ మావకి నేనున్నానని గుర్తొస్తాది" అని నవ్వింది.

ఆ రెండు వరసలు నా నోటిదాకా వచ్చాయి. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. దేవుడి పుస్తకం పాడు చేశావంటుందేమోనని భయం. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. తర్వాత నూర్పులయ్యాక అనుకున్నాను. ఆ వేసవిలోనే అత్త జ్వరపడింది. నుదుటి మీద చేయి పెట్టి చూసింది నేనే. అప్పటికే ఆవిడకు మాట వినే తెలివి లేదు. మూడో రోజున పోయింది.

రాముడు నన్ను మన్నించాడనే నమ్ముతాను. ఆయన దయకు లోటు లేదు. ఇప్పుడు ఏది రాసినా దగ్గరున్నవాళ్లకి పైకి చదువుతాను. కూరగాయలమ్మే ఆవిడ విని, "బాగున్నాదమ్మా, బీరకాయలు తీసుకుంటావా?" అంటుంది. అత్త ఏమనేదో మాత్రం నాకు తెలియకుండానే పోయింది.