ఇరవై సాళ్ల దూరం

ఉద్యోగం చేసిన ముప్పై నాలుగేళ్లూ నేను పొలాలు కొలిచాను. సర్వేయరు పొలంలో దిగితే ఎప్పుడూ ఒంటరిగా ఉండడు. హద్దు తగాదా పడ్డ రెండు పక్షాల వాళ్లూ అతని వెంటే నడుస్తారు. అవతలివాడు నన్ను పక్కకు పిలిచి ఏం చెబుతాడోనని ఇవతలివాడి భయం. నేను తుమ్మచెట్టు చాటుకు వెళితే పది అడుగుల ఇవతల ఆగి, మర్యాదగా అటు తిరిగి నిలబడేవాళ్లు. ఆ వీపులు కనిపిస్తే చాలు, నా ఒంట్లో ఏదో బిగుసుకుపోయేది. ఎంతసేపు నిలబడినా చుక్క వచ్చేది కాదు.

నలుగురిలో నాకు ఒంటికి రాదు. ఎవరూ చూడనక్కర్లేదు, దగ్గర్లో ఉన్నారని తెలిస్తే చాలు. ఇది ఎప్పుడు మొదలైందో డైరీల్లో వెతికాను. హైస్కూలు రోజుల్లో రాసిన మొదటి డైరీలోనే, చాలా పేజీల కింద, 'ఇంటికి వచ్చాకే' అని ఉంది. ఏ విషయమో రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు.

అందుకని ప్రయాణం ఉన్న రోజు నీళ్లు ముట్టేవాణ్ని కాదు. పిడుగురాళ్ల అవతల తెల్లవారుజామున బస్సు ఆగిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కళ్లముందే ఉంది. మంచూ, సున్నపు బట్టీల పొగా కలిసి లోకమంతా పాలలో ముంచినట్టు ఉంది. మగవాళ్లంతా దిగి రోడ్డు వారన వరసగా నిలబడ్డారు. కొందరు నిద్రమత్తులో ఉన్నారు, ఒకాయన కూనిరాగం తీస్తున్నాడు. నేను కిటికీలోంచి వాళ్లను చూస్తూ కూర్చున్నాను. అంత తేలికైన పని చేతకాకపోవడం ఏమిటో ఆ తెల్లదనంలో నాకు అర్థం కాలేదు. చాలా ఏళ్ల పాటు కలలో కాలవలు కనిపించేవి. తూములన్నీ ఎత్తి ఉండేవి. నీళ్లు మాత్రం కదిలేవి కావు.

మా అక్క పెళ్లయి ఖరగ్‌పూర్ వెళ్లింది. బావ రైల్వేలో పని చేసేవాడు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అక్క "ఒక్కసారి రారా" అనేది. పగలూ రాత్రీ రైలు, పెట్టె నిండా జనం, తలుపు అవతల వరస. నేను రీసర్వే అనీ, నడుం నొప్పి అనీ చెప్పి తప్పించుకునేవాణ్ని. బావ పోయినప్పుడు జ్వరమని చెప్పాను. ఆ రోజు డైరీ తీసి చూస్తే నాకు జ్వరం లేదు. సంగతి తెలిసింది మా ఆవిడ ఒక్కదానికే. నా అబద్ధాలన్నీ ఫోనులో ఆవిడే చెప్పేది.

నిరుడు అక్క జారిపడింది. తుంటి ఎముక అతికింది గానీ ఇక ప్రయాణాలు చేయవద్దన్నారు. తనే ఫోన్ చేసి చెప్పింది. "నేనింక రాలేన్రా. నువ్వొస్తే చూసుకుంటాం. లేకపోతే లేదు." కోపంగా అనలేదు. వానలు పడలేదని చెప్పినట్టు చెప్పింది.

ఆ వారమే గుంటూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. పరీక్షకని ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గంటన్నర కూర్చుని ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చి, జీవితంలో మొదటిసారి ఒక పరాయి మనిషికి సంగతంతా చెప్పాను. డాక్టరు నవ్వలేదు. ఇది భయమనీ, చాలామందికి ఉంటుందనీ, కొంచెం కొంచెంగా సాధన చేస్తే తగ్గుతుందనీ చెప్పారు. ఇదే బాధతో తన దగ్గరికి వచ్చే ఇద్దరున్నారు, కలుస్తారా అని అడిగారు. వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే నంబర్లు ఇచ్చారు.

ఒకాయన మిషను స్కూల్లో రిటైరైన మాస్టారు. ఆదివారాలు చర్చిలో పాటలు నడిపిస్తారు. వందమంది ముందు గొంతెత్తి పాడే మనిషి. రెండో అతను టిక్కీలనే మిర్చి బస్తాలు తోలే లారీ డ్రైవరు, యాభై ఏళ్లుంటాయి. తన సంగతి తనే చెప్పుకున్నాడు. "బండెడు మిర్చి కలకత్తాలో దించొస్తానండి. గ్లాసుడు నీళ్లు దించలేకపోతన్నా."

ప్రత్తిపాడు అవతల మాస్టారి బావమరిదికి పత్తి చేను ఉంది. ఆరాధన అయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కలిసేవాళ్లం. చేను నడుమెత్తు దాటి పెరిగి, కింది కాయలు పగులుతున్న రోజులు. దూరాన్ని అడుగుల్లో కొలుద్దామని నేను టేపు తీసుకెళ్లాను. డ్రైవరు దాన్ని నా సంచీలోనే పెట్టేయమన్నాడు. సాళ్లు ఉండగా టేపెందుకన్నాడు. అలా సాళ్లే మా కొలత అయ్యాయి. ఒకరు చేను అంచున నిలబడతారు. మిగతా ఇద్దరూ ఇరవై సాళ్ల అవతల, అటు తిరిగి. వస్తే, వచ్చేవారం ఒక సాలు దగ్గరికి. రాకపోతే తిట్టుకోకుండా వెనక్కి రావాలి. 'అయ్యిందా' అని ఎవరూ అడగకూడదు.

మొదటి ఆదివారం లీటరు నీళ్లు తాగి నిలబడ్డాను. ఎండ మెత్తగా ఉంది. దూరంగా కోల్డ్ స్టోరేజీల నుంచి మిరపకాయల ఘాటు గాలిలో లీలగా తేలుతోంది. మాస్టారు సన్నగా ఏదో పాడుతున్నారు. నాకు రాలేదు. రెండో వారమూ రాలేదు. మూడో వారం, పాట ఎక్కడో ఆగినట్టూ, పత్తిచేను నన్ను మరిచిపోయినట్టూ అనిపించిన ఒక క్షణంలో వచ్చింది. ఆ రోజు డైరీలో 'ఇరవై. సరే.' అని రాసుకున్నాను.

పత్తి తీతలు అయిపోయే సరికి ముగ్గురం మూడు సాళ్లకు దగ్గరపడ్డాం. ఖరగ్‌పూర్‌కు టికెట్లు తీశాను.

తరవాతి ఆదివారం వెళ్లి చూస్తే చేను లేదు. పత్తికట్టె మొత్తం పీకి గట్టున కుప్ప వేశారు. నేల బోసిగా, ఆకాశం దాకా ఖాళీగా ఉంది. పాత గుర్తులు చూసుకుంటూ మూడు సాళ్ల దూరంలోనే నిలబడ్డాం. ఒక్కరికీ రాలేదు. ఇన్నాళ్లూ సాళ్లు లెక్కపెట్టుకున్నాం గానీ ఆ సాళ్లే మాకు తెరగా ఉన్నాయని ముప్పై నాలుగేళ్ల సర్వేయరుకు తోచలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టికెట్లు రద్దు చేసుకుంటానన్నాను.

డ్రైవరు కుప్పలోంచి ఒక పత్తికట్టె లాగి విరిచాడు. ఆ తరవాత అన్నాడు: "మీ అక్క రైలెక్కలేనంది గాని, మిమ్మల్ని ఎక్కొద్దన్లేదు గదండీ."

మాస్టారు ఇరవై అంగలు వేసి, మట్టిలో మడమతో గీత గీశారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి బోసి నేల మీద, వారానికి మూడు రోజులు. ప్రయాణానికి పది రోజులుందనగా రైలు సాధన చేద్దామన్న ఆలోచన డ్రైవరుకే వచ్చింది. గుంటూరులో విజయవాడ పాసింజరు ఎక్కాం. నేను బాత్రూం లోపల, వాళ్లిద్దరూ తలుపు బయట. పెదకాకాని దాటింది, నంబూరు దాటింది, నాకు చుక్క రాలేదు. అంతలో టికెట్ కలెక్టరు వచ్చి, ఇక్కడ కాపలా ఏమిటని వాళ్లను అడగడం వినిపించింది.

"లోపల మా సర్వేయరు గారున్నారండి. కొలతలు తీస్తన్నారు. తొందరపెడితే తప్పొస్తాయి," అన్నాడు డ్రైవరు.

మాస్టారు ఆపుకోలేక నవ్వారు. లోపల నేనూ నవ్వాను. రేకు గోడకు చెయ్యి ఆనించి, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతూ ఉండగా, రైలు ఊపులో, నా ప్రమేయం లేనట్టుగా అయిపోయింది.

అసలు ప్రయాణంలో మా ఆవిడ నా పక్కనే ఉంది. గోదావరి వంతెన మీద ఒకసారి వెళ్లాను. ఎవరో తలుపు కొట్టారు. రాలేదు. వచ్చి కూర్చుని, తిట్టుకోకుండా కిటికీలోకి చూశాను. తుని దాటాక మళ్లీ వెళ్లాను. అప్పుడూ తలుపు కొట్టారు. "ఉండండి బాబూ," అన్నాను. ఆ మాట అనగలగడమే నాకు కొత్త. కాసేపటికి వచ్చింది. ఆ తరవాత చీకటి పడే దాకా ఎర్రమట్టి కొండలూ, ఊరు తెలియని స్టేషన్లూ నిద్రలో చూసినట్టు వెనక్కి జారిపోయాయి.

అక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. భోజనాలయ్యాక, ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో దాచకుండా చెప్పాను. అక్క నా మొహంలోకి చూసింది.

"మా క్వార్టరు ఇరుకని నీకు నామోషీ అనుకున్నాం రా," అంది. "మీ బావా అదే అనుకుంటా పోయాడు."

అక్క చీర కొంగుతో మూతి అద్దుకుంది. నవ్వు ఆపుకుంటోందో, మరేమిటో తెలియలేదు.

"ఆయనకొక్క మాట చెప్పుంటే, రోజూ పొద్దున్నే ఇంటిల్లిపాదినీ బజారుకి తోలుకుపోయేవాడు గదరా."

తిరుగు టికెట్లు మూడో రోజుకి తీసి ఉన్నాయి. అంతకు మించి ఉండలేనేమోనని లెక్కవేసి తీసినవి. సాయంత్రం ఒక్కణ్నే స్టేషనుకు వెళ్లి, రద్దు ఫారం నింపి, కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను.