ఏదు పిల్ల

లక్సెట్టిపేట రేవుకు నేను చేరేసరికి నావ అవతలి ఒడ్డునే ఉంది. సరే, కాసేపు కూర్చుందామని బండ మీద ఒరగబోయాను.

"జర చూసుకోని కూసో పెద్దయ్యా, కుచ్చుకుంటది."

బండ పక్కన కూర్చున్న ఒకామె తన గంపను దగ్గరికి లాక్కుంది. అందులో మారేడుకాయంత ముళ్ల ఉండ. తెలుగు ప్రాంతాలు ఒకే రాష్ట్రంగా కలిసిన మరుసటేడు, శ్రావణమాసం మాట ఇది.

"ఏదు పిల్ల," అంది. ఏదంటే ముళ్లపంది. ఇది దాని పిల్ల కాదనీ, ఎదిగినా ఇంతే ఉంటుందనీ, పురుగులు తిని బతికే వేరే జాతి అనీ ఎప్పుడో ఒక ఉర్దూ పుస్తకంలో చదివాను. ఆ ముక్క చెప్పాను.

"ఏమో, మా ఊళ్లె గట్లనే అంటరు."

అంటారు కాబట్టే చంపుతారు. ఏదు గెనుసుగడ్డల మడి తవ్వేస్తుంది. దాని పిల్లనుకుని దీన్నీ కట్టెతో కొడతారు. పేరు తప్పయి దెబ్బలు తిన్న మనుషులను కూడా నా తిరుగుళ్లలో చూశాను, అది వేరే కథ.

ఆమె పేరు సమ్మవ్వ. మగడు రాజలింగు మగ్గం నేస్తాడు, ఈమె కండెలు చుడుతుంది. ఇరవై ఏళ్లుగా వీటిని సాకుతోంది. సాకడమంటే కట్టేయడం కాదు. పెరటి దడి కింద జానెడు సందు వదిలింది. రాలిన ఆకు కాల్చనివ్వలేదు. ఎండాకాలం మూకుట్లో నీళ్లు పెట్టింది. అవి చెదలు తినిపోయేవి. ఒకసారి ఒకటి మగ్గం గుంతలో పడి రాజలింగు కాలికి గుచ్చుకుంటే, ఎక్కిపోవడానికి గుంతలో ఏటవాలుగా పలక పెట్టింది.

"మగ్గం నాదా, నీ ఏదులదా అనేటోడు," అని నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు.

పొరుగింటి లస్మవ్వ మనవడికి కోరింత దగ్గు. ఈ ముళ్లు కాల్చి, బూడిద తేనెలో నాకిస్తే తగ్గుతుందని ఊరి నమ్మకం. పోయిన వారం ఒకదాన్ని సమ్మవ్వే చేతులారా ఇచ్చింది.

"పోరడు దగ్గి దగ్గి నీలమైతుండు. ఇయ్యనని ఎట్లంట? దాన్ని సంపిండ్రు. దగ్గు పోలే. ఒక్కటి సాలలే, ఇంకోటి తే అంటున్రు."

"దవాఖానకు తీసుకుపోలేదా?"

"పోండ్రని కాళ్లు వట్టుకున్న. 'మా పోరనికంటె నీ ముండ్లదే ఎక్కువైందా' అని తలుపు పెట్టుకున్నది."

పెరట్లో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. అవతలి ఒడ్డున అక్క పెరట్లో విడిచిపెట్టాలని తెల్లవారుతూనే బయలుదేరింది.

నావ వచ్చింది. ఎక్కేముందు నీళ్లు తాపుదామని ఆమె మోదుగాకు దొప్పలో పోసింది. ఉండ మెల్లగా విచ్చుకుంది. ఆమె తువ్వాలతో ఎత్తిపట్టుకుని చూసింది. ముళ్లులేని మెత్తని పొట్ట. చనుమొనలు ఉబ్బి ఉన్నాయి.

"పాలున్నయి," అంది. "పిల్ల పిల్ల అంటిమి పెద్దయ్యా. పిల్లకు పిల్లలుంటయని నాకు తోసనేలే. మా పెరట్ల ఆకుకుప్పల ఉంటయి అవి. పొద్దటి సంది ఉపాసం."

నావవాడు కేక వేశాడు. చదివినదాంట్లో ఒక్క ముక్క కూడా అక్కరకు రాలేదు. ఆమె తువ్వాల కప్పి, గంప నెత్తికెత్తుకుని, నా వైపైనా చూడకుండా, లస్మవ్వ ఇంటి పక్కనే ఉన్న తన పెరటికి, వచ్చిన దారే పట్టింది.