చెయ్యి తియ్యమన్న రెండు దెబ్బలు

మా ఏలూరు పేటలో ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే మొదట నవ్వేది నేనే. మా మేనత్త ఒకసారి దొడ్లో తెల్లచీర నడిచిందని చెబితే, ఆరేసిన దుప్పటి అయి ఉంటుందిలే అత్తా అని పదిమందిలో ఎగతాళి చేసి చీవాట్లు తిన్నవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వితే కోపం తెచ్చుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది తివాచీలు నేసే ఇల్లు. మగ్గం గోడంత ఎత్తున నిలబడి ఉంటుంది. దాని ముందు నలుగురు వరసగా కూర్చుని పడుగు దారాలకు ఊలు ముడులు వేస్తారు. ఒక వరస పూర్తి కాగానే మా నాన్న ఇనుప పళ్ళున్న పంజాతో పైనుంచి దిగ్గొడతాడు, ముడులు బిగియడానికి. కొట్టేముందు ఆ పంజాతోనే మగ్గం దూలం మీద రెండు దెబ్బలు వేస్తాడు. అవి వినపడగానే ఎవరి చేతులు వాళ్ళు వెనక్కి లాక్కోవాలి. ఆ తరువాతి దెబ్బ ఎవరి కోసమూ ఆగదు.

ఎనిమిదేళ్ళప్పుడు నేను ఒకసారి లాక్కోలేదు. కుడిచేతి చిటికెనవేలి కొస చితికిపోయి గోరు ఊడి ఊలులో పడింది. అమ్మ పసుపు అద్దుతూ ఏడుస్తుంటే నాన్న, "ఇంక జన్మలో మరిచిపోడులే," అన్నాడు. నిజంగానే మరిచిపోలేదు. ఆ తరువాత ఎవరైనా తలుపు రెండుసార్లు తట్టినా నా చెయ్యి దానంతట అదే ఎగిరేది.

పాతికేళ్ళ వయసులో షాంఘై వెళ్ళాను. మద్రాసు వ్యాపారి ఒకాయనకు అక్కడ తివాచీల దుకాణం ఉండేది. పురుగు కొట్టినవీ చిరిగినవీ బాగుచెయ్యడం నా పని. చలికాలంలో వేళ్ళు పగిలి ఊలుకు నెత్తురు అంటేది. తిండి చప్పిడి. వాళ్ళ మాట రాక అన్నీ వేలు పెట్టి చూపించుకోవడమే. వీధి మలుపులో పోలీసులు రిక్షావాళ్ళను లాఠీలతో బాదడం పొద్దున్నే టీ తాగినంత మామూలు. మొదటి వారం చూడలేక తల తిప్పుకున్నాను. మూడో నెలకి పక్కనుంచి నడిచిపోవడం అలవాటైంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ దుకాణంలోనే గిడ్డంగి పనికి పెద్దిరాజు ఉండేవాడు. కైకలూరు అవతల కొల్లేటి లంకవాడు. ఓడల మీద పనిచేస్తూ వచ్చి అక్కడ దిగిపోయాడు. వంట కూడా తనే చేసేవాడు. ఆరడుగుల మనిషి, తుఫానులో పడవ వెయ్యమన్నా వేస్తాడు గాని జనమంటే హడలు. బజార్లో అడుగు పెడితే చంటిపిల్లాడిలా నా చెయ్యి పట్టుకునేవాడు.

"వదలకండి సాయిబు గారూ. ఈ జనంలో మునిగితే నేను మళ్ళీ తేలనండి," అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి. చెయ్యి మాత్రం వదిలేవాణ్ణి కాదు.

ఆదివారాలు దుకాణం మూసేవారు. పొద్దున్నే రైలెక్కి సూచౌ వెళ్ళేవాళ్ళం. ఊరి నిండా కాలవలు, ఊరు దాటితే పెద్ద సరస్సు. మొదటిసారి ఆ నీళ్ళు చూసి పెద్దిరాజు గట్టు మీద కూలబడ్డాడు.

"అచ్చం మా కొల్లేరేనండీ. కిక్కిస గడ్డి కూడా ఉంది. మా అమ్మ ఒక్కత్తే లేదు," అన్నాడు.

అక్కడి జాలర్లు నీటికాకుల చేత చేపలు పట్టిస్తారు. పక్షి చేపను మింగెయ్యకుండా మెడకు గడ్డితాడు బిగిస్తారు. అది చూసినప్పటి నుంచీ పెద్దిరాజుకు కడుపు మండిపోయింది. ఒక ఆదివారం ఉన్నట్టుండి ఒక పడవలోకి దూకి, పక్షి మెడ తాడు కోసేశాడు. పడవవాడు గడకర్రతో వాడి తల పగలగొట్టాడు. వీడు వాణ్ణి ఎత్తి నీళ్ళలో పారేశాడు. గట్టు మీది జనం కర్రలు పట్టుకుని వస్తుంటే నేను పెద్దిరాజు చెయ్యి పట్టుకుని రైలుస్టేషను దాకా పరుగే పరుగు. రైల్లో నెత్తురు తుడుచుకుంటూ ఆ గడ్డితాడు తీసి మణికట్టుకు కట్టుకున్నాడు. ఘనకార్యం చేశావులే అని తిట్టాను. అంతకంటే సంతోషమైన ఆదివారం నా జీవితంలో మరొకటి లేదు.

ముప్పై ఏడో సంవత్సరం ఆగస్టులో యుద్ధం ఊళ్ళోకి వచ్చింది. చుట్టుపక్కల పల్లెలు తగలబడుతుంటే జనం మూటలతో, ముసలివాళ్ళతో మా పేట వైపు తోసుకొచ్చారు. సూచౌ రైలు మనలాంటివాళ్ళకు బందు. మన దేశం వెళ్ళే ఓడలో చోటుకు పేర్లు రాయించుకోవాలంటే మనిషి స్వయంగా వెళ్ళాలన్నారు. ఆ శనివారం మధ్యాహ్నం నేను బయలుదేరదీశాను.

పెద్దిరాజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "ఇయ్యాల నేను రాలేనండీ. అది జనం కాదండీ, గోదారి వరదండీ."

"నేనున్నాగా, రావయ్యా," అన్నాను. ఆ మాట అన్నది నేనే. వాడు నా చెయ్యి పట్టుకుని వచ్చాడు.

నాలుగు వీధుల కూడలికి వచ్చేసరికి విమానాల చప్పుడు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. నాకెందుకో భయమేసి, పక్కనే రాతి స్తంభాలున్న దుకాణపు గుమ్మంలోకి దూరాను. నేను లోపల, పెద్దిరాజు బయట, మధ్యలో మా చేతులు. మరొక్క లాగు లాగితే వాడూ లోపలికి వచ్చేసేవాడు.

అప్పుడు వినపడ్డాయి. ఇనుము కర్ర మీద పడే చప్పుడు, రెండుసార్లు. అంత గోలలోనూ చెవి పక్కన కొట్టినట్టు వినపడింది. మా మగ్గం దూలం చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి? నా చెయ్యి వెనక్కి ఎగిరిపోయింది.

జనం పెద్దిరాజును రెండు బారలు అవతలికి తోసేశారు. వాడు నా వైపు తిరిగి చూశాడు. భయం కాదు, ఆశ్చర్యం ఉంది ఆ మొహంలో. అంతలో బాంబు పడింది.

గుమ్మం మీదున్న ఇనుప బోర్డు నిట్టనిలువునా దిగి, నా చెయ్యి ఉన్న చోట రాతిలోకి దిగబడింది. తరువాత చాలాసేపు నాకేమీ వినపడలేదు. పొగ విడిచాక చూస్తే వీధి లేదు. కాళ్ళున్నాయి, మనుషుల్లేరు. ఒక తల్లి ఒడిలో బిడ్డతో కూర్చున్నట్టే కూర్చుని ఉంది, మెడపైన ఏమీ లేదు. ట్రాము తీగకు ఎవరిదో చెయ్యి వేళ్ళాడుతోంది. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కరినీ తిప్పి చూశాను. పెద్దిరాజుకు మొహం మిగల్లేదు. గడ్డితాడు కట్టిన మణికట్టు చూసి గుర్తుపట్టాను. కూడలి గడియారం నాలుగున్నర దగ్గర ఆగిపోయి ఉంది. ఎవరి విమానమో, ఎవరి మీద వెయ్యబోయి ఎవరి మీద వేసిందో, నేను అడగలేదు.

రెండు నెలలకు ఏలూరు చేరాను. ఇల్లు చేరిన మర్నాడు అక్క అన్నం పెడుతూ ఒక సంగతి చెప్పింది. నేను ఈ చప్పుడు గురించి అప్పటికి ఎవరికీ చెప్పలేదని గుర్తుంచుకోండి.

ఆగస్టులో ఒక శనివారం నాన్న మధ్యాహ్నం నమాజుకు మసీదుకు వెళ్ళాడు. పంజా గోడ మేకుకు తగిలించి ఉంది. మగ్గం మీద మా బావా మరో ముగ్గురూ ఉన్నారు. వరస సగంలో ఉండగా దూలం మీద రెండు దెబ్బలు మోగాయి. నలుగురూ చేతులు లాగేసుకున్నారు. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ చెయ్యి పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నాన్న తిరిగొచ్చి, పని ఆపి కూర్చున్నారని మండిపడి బావ చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు తివాచీ అంచు మీద పడింది. బావ అలిగి తాడేపల్లిగూడెం వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళిపోయి మూడురోజులు రాలేదు. ఈలోగా షాంఘై మీద బాంబులు పడ్డాయని పేపర్లో వచ్చింది. అందుకే ఆ రోజు ఇంట్లో అందరికీ గుర్తు.

చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుందని తెలిసిన స్కూలు మేష్టరు ఒకాయన చెప్పారు. అక్కడ నాలుగున్నర అంటే ఇక్కడ రెండు. నాన్న మసీదులో ఉన్న వేళ. బావను విడిగా అడిగాను, మిగతా ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ఒకే మాట చెప్పారు. దూలం మీద గుర్తులు వెతికాను. దూలం నిండా నొక్కులే, ఏది ఏనాటిదో ఎవడు చెప్పగలడు? నాన్న మాత్రం ఒక్క మాటే అన్నాడు: "నేను కొట్టలేదురా." ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

చెయ్యి దక్కింది కదా, దేవుడి దయ అంటారు మావాళ్ళు. నాకు కోపమొస్తుంది. ఆ చప్పుడు లేకపోతే బోర్డు కింద నా చెయ్యి పోయేది, నిజమే. కాని దానికంటే ముందే ఒక్క లాగు లాగి ఉందునేమో. పెద్దిరాజు ఒంటిచేతి సాయిబుకి అన్నం కలిపి పెడుతూ ఉండేవాడేమో. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో, కాపాడారో పొట్టన పెట్టుకున్నారో ఈ రోజుకీ నాకు తెలియదు.

కార్తీకంలో కైకలూరు వెళ్ళి అక్కడినుంచి పడవ మీద వాళ్ళ లంకకు వెళ్ళాను. చావు కబురు తంతిలో ముందే అందింది. వాళ్ళమ్మ గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. వాడి మణికట్టు నుంచి విప్పి తెచ్చిన గడ్డితాడు చేతికిచ్చాను. దాని ముడిని వేళ్ళతో తడిమింది.

"ఆడికి జనమంటే బయం నాయనా. సెయ్యి పట్టుకున్నావా?" అని అడిగింది.

"పట్టుకున్నానమ్మా."

"ఆకరిదాకానా?"

"ఆఖరిదాకా."

వల పక్కన పెట్టి నా కుడిచెయ్యి తీసుకుంది. "ఈ సెయ్యేనా?" అంటూ చితికిన చిటికెనవేలితో సహా తన రెండు చేతుల్లో పెట్టుకుని కళ్ళకు అద్దుకుంది. కన్నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా కారాయి. ఆ క్షణంలో ఎక్కడినుంచైనా ఆ రెండు దెబ్బలు వినపడి నా చెయ్యి వెనక్కి ఎగిరిపోతే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. చెవులు రిక్కించి విన్నాను. కొల్లేటి మీద గాలి తప్ప మరేమీ వినపడలేదు.