పచ్చ కంపెనీ, నారింజ కంపెనీ, నడుమ కత్తెరమ్మ

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. అందరికీ ఆమె కత్తెరమ్మ. మిల్లులో భర్త చేయి నలిగిపోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కత్తెర చలవతోనే. ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించడం, కదలలేని ముసలమ్మలకు తలంటి చిక్కు తీయడం ఆమె పని. పని చూపించేది ఫోనులో ఉండే కంపెనీ. ఆకుపచ్చ చొక్కా ఇచ్చింది గనక దానికి పచ్చ కంపెనీ అని పేరు పడింది. పొద్దున్నే ఫోను మోగేది. చెవిలో ఓ ఆడగొంతు కుడికి తిరగమంటే కుడికి, ఎడమకు తిరగమంటే ఎడమకు, ముకుతాడు వేసిన ఎద్దులా స్కూటరు వెళ్ళి ఎవరి గుమ్మం ముందో ఆగేది.

ఇంతలో నారింజ కంపెనీ దిగింది. మొదటి తలస్నానం ఊరికే అంది. పనివాళ్ళకు కొత్త సంచీ, కొత్త దువ్వెనలు, ఎక్కువ వాటా అంది. పచ్చ కంపెనీ ఊరుకుంటుందా? అటు వెళ్ళినవాళ్ళు మళ్ళీ మా గడప తొక్కక్కర్లేదని హెచ్చరిక పంపింది. నారింజ కంపెనీ మనిషి ఒకడు కత్తెరమ్మ ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, మీకు ఐదు నక్షత్రాలు. మీరు మాతో వస్తే మీ ఇళ్ళవాళ్ళందరూ మీ వెనకే వచ్చేస్తారు" అని తేనె పూశాడు.

ఆమె నమ్మింది, వెళ్ళింది. నక్షత్రాలేమో పచ్చ కంపెనీలోనే ఉండిపోయాయి. ఆమె ఎటు పోయిందో పాత ఇళ్ళవాళ్ళకు తెలియనేలేదు. అయినా కొత్త ఇళ్ళతో రోజులు గడుస్తుండగా, ఒక పొద్దున పచ్చ కంపెనీ నారింజ కంపెనీని దువ్వెనలతో సహా కొనేసింది. పోట్లాడుకున్న ఆంబోతులు రెండూ ఒకే కొట్టంలో మేతకు చేరాయి. కాలు విరిగింది మాత్రం లేగదూడకు. నారింజ చొక్కాలన్నీ పచ్చగా మారిన రోజున, గడప తొక్కకూడనివాళ్ళలో ఉన్న కత్తెరమ్మ ఫోను మూగపోయింది.

ఆఫీసుకు పరుగెత్తింది. అద్దం వెనక కూర్చున్న కుర్రవాడు కంప్యూటరులో వెతికి, "మీరు లేరు మేడమ్" అన్నాడు.

"నీ ఎదురుగానే ఉన్నాను కదా నాయనా."

"సిస్టమ్‌లో లేరు. యాప్‌లోకి వెళ్ళి ఫిర్యాదు పెట్టండి."

"ఆ యాపే తెరుచుకోవడం లేదని కదా వచ్చాను!"

"అది తెరుచుకోవాలంటే ముందు ఫిర్యాదు పెట్టాలి మేడమ్" అని అతను తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే అందుకుంది. "రెంటికీ చెడ్డ రేవడివయ్యావు వదినా! పోనీ, పాత ఇళ్ళకి నువ్వే వెళ్ళి అడగలేవూ?"

"ఎక్కడున్నాయో తెలిస్తే కదా!"

"ఇన్నేళ్ళు తిరిగి ఒక్క ఇంటి గుర్తైనా తెలీదా? మన వీధిలో ఎవరింట్లో ఏ గిన్నె మాడిందో నేను ఇక్కడ కూర్చునే చెప్తాను!"

"లోపలివన్నీ తెలుసే. ఎవరి నెత్తిన సుడి ఎక్కడుందో, ఎవరి బాత్రూములో కుళాయి ఎటు తిప్పాలో అడుగు, చెప్తాను. దారే తెలీదు. ఫోన్ నంబర్లూ కంపెనీ దగ్గరే ఉండిపోయాయి."

భర్త నేల చూపులు చూస్తూ, "రేపు సాయంత్రం స్కూటరు కొనుక్కునే మనిషి చూసుకోడానికొస్తానన్నాడు" అన్నాడు. స్కూటరు పోతే ఆమెకు కాళ్ళు పోయినట్టే.

ఆ రాత్రి కళ్ళు మూసుకుని ఒక్క ఇల్లైనా గుర్తు తెచ్చుకోవాలని చూసింది. జడల మామ్మ గుర్తొచ్చింది. మోకాళ్ళు దాటే తెల్లటి జడ ఆవిడది. "నా మేనకోడలు ఆడపిల్లల హాస్టలు పెట్టిందే. ఆ తలలన్నీ నీకే అప్పజెప్పిస్తాను" అంది ఒకసారి. మామ్మ దొరికితే స్కూటరు ఉంటుంది, ఇల్లు నిలుస్తుంది. మామ్మ బాల్కనీలో తల ఆరబెడుతుంటే, ఎదుటి డాబా మీద మూత విరిగిన పసుపుపచ్చ నీళ్ళ ట్యాంకు కనిపించేది. ఉన్న ఆనవాలు అదొక్కటే.

మర్నాడు స్కూటరేసుకుని ఆ ట్యాంకు కోసం వీధులు గాలించింది. కింది నుంచి చూస్తే డాబాల మీద ఏముందో కనబడి చావదు. కనబడిన మేడనల్లా ఎక్కనివ్వమని బతిమాలింది. ఒక వాచ్‌మన్, "నీళ్ళ ట్యాంకు చూసి ఏం చేస్తావమ్మా, దూకుతావా ఏమిటి?" అని నవ్వాడు.

"దూకేదాన్నైతే మూత సంగతి నాకెందుకయ్యా?"

ఎండ తిరిగాక, ఏదో మేడ మీది నుంచి ఆ విరిగిన మూత కనబడింది. పడుతూ లేస్తూ దిగి, దాని ఎదుటి మేడ మెట్లెక్కి, గంట నొక్కింది. తలుపు తీసింది మామ్మ కోడలే.

"కత్తెరమ్మా! నువ్వు రానన్నావటగా?"

"నేనెప్పుడన్నానమ్మా?"

"ఫోనులో వచ్చింది. మీరు కోరిన మనిషి రావడం లేదు, ఇంకొకరిని పంపుతున్నాం అని."

లోపల మామ్మ కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఉంది. జడ లేదు. మెడ దగ్గరికి కత్తిరించేశారు.

"వచ్చిన పిల్లకి అరగంటే ఇచ్చారట" అంది మామ్మ ఇటు తిరగకుండానే. "చిక్కు తీయడం దాని వల్ల కాలేదు. కత్తిరిస్తే సులువంది. నువ్వు నన్నొదిలేశావన్న ఉక్రోషంలో, కానీయమన్నానే."

కత్తెరమ్మ చేతులు అలవాటుగా ఆ మెడ వెనక్కి వెళ్ళాయి. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కుర్చీ ముందుకు వచ్చి, "హాస్టలు పిల్లల సంగతి, మామ్మా…" అంది.

"అది కూడా నా మేనకోడలు పచ్చ కంపెనీకే ఇచ్చేసిందే. ఏడాదికి మాట్లాడేసుకుంది." మామ్మ ఆమె చేయి పట్టుకుంది. "మళ్ళీ జడంత పెరగాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏళ్ళు పడుతుంది మామ్మా."

"అందాకా నేనుండాలిగా."

బయటకొచ్చి పక్కవాటా గంట నొక్కింది. గొలుసు తీయకుండానే ఒకావిడ, "ఏ కంపెనీ?" అని అడిగింది.

"ఏ కంపెనీ కాదమ్మా. జుట్టు కత్తిరిస్తాను, తలంటుతాను. పక్కింటి మామ్మనడగండి, నేనెలాంటిదాన్నో చెప్తారు."

"తెలీనివాళ్ళని రానివ్వం." తలుపు మూసుకుంది.

మెట్లు దిగుతుండగా భర్త ఫోను చేశాడు. "అతనొచ్చాడు. స్కూటరేదని అడుగుతున్నాడు."

"మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు" అంది కత్తెరమ్మ, కింది అంతస్తులో మొదటి గంట నొక్కుతూ.