పున్నమికి తిరగని సుడి

తక్ గిహోకి సముద్రం పడదు. ఓడ ఎక్కితే కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. అందుకని తూర్పు సముద్రంలో సుడులు వెతికే పని ఒడ్డునే కుర్చీలో కూర్చుని చేసేవాడు. ఇంకెవరో ఓడలో వెళ్లి ప్లాస్టిక్ గోళాలు నీళ్లలో వదిలేవారు. అవి ప్రవాహంతో పాటు పోతూ, తామెక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా గంటగంటకీ కబురు పంపేవి. గోళం గుండ్రంగా తిరిగితే అక్కడ సుడి ఉన్నట్టు. ఎంత మేర తిరిగితే సుడి అంత పెద్దది.

ఆ శరదృతువుతో అతని కాంట్రాక్టు అయిపోతుంది. ఏదో ఒకటి కనిపెడితే తప్ప పొడిగించనని పరిశోధన సంస్థ డైరెక్టర్ నామ్‌గుంగ్ ముందే చెప్పేశాడు.

ఉల్లుంగ్ దీవి దగ్గర ఒక గోళం చిన్న చుట్లు తిరగడం మొదలుపెట్టింది. సాయంత్రం దీవి అంచున బయలుదేరి, తెల్లారేసరికి అక్కడికే వచ్చేది. పగలు కబురుండేది కాదు. కొండ అడ్డమొచ్చిందని రాసుకున్నాడు. పున్నమి రోజుల్లో సుడి అసలు తిరిగేది కాదు. అది చంద్రుడి ప్రభావమని సిద్ధాంతం కట్టాడు. నామ్‌గుంగ్ ఆ సిద్ధాంతాన్ని పైఅధికారుల విందులో తనదిగా చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు.

తర్వాత పెనుగాలి హెచ్చరిక వచ్చింది. సముద్రమంతా అల్లకల్లోలమైన రోజున సుడి మాత్రం బయటికి రాలేదు. గిహోకి అప్పుడు తట్టింది. గాలికి భయపడే సుడి ఉండదు. భయపడేది మనుషులే.

గాలి తగ్గాక, దారిపొడవునా కక్కుకుంటూ దీవికి వెళ్లాడు. పొద్దుగూకే వేళ జొడోంగ్ రేవులో, స్క్విడ్ అనే పది చేతుల సముద్రజీవిని పట్టే ఒక పడవ మీద దాని కెప్టెన్ ప్యో ఆ గోళం మీదే కూర్చుని గాలాలు సరిచేసుకుంటున్నాడు. స్క్విడ్ పడవలు రాత్రిళ్లు దీపాల వెలుగుతో వాటిని రప్పించి వేటాడతాయి. పున్నమి వెన్నెల్లో ఆ దీపాలు వెలవెలబోతాయి, పడవలవాళ్లు ఇంట్లో పడుకుంటారు. ఈ సంగతి తీరంలో అందరికీ తెలుసు. గిహోకీ తెలుసు. తెలిసీ చంద్రుణ్ణి పట్టుకు వేలాడాడు.

గోళం తనదని చెప్పాడు. ప్యో లేవలేదు. నీళ్లలో దొరికింది కాబట్టి తనదేనన్నాడు. పగలు ఎవరి కంటా పడకుండా ఐసు గదిలో దాస్తున్నానని, అది వచ్చాక వేట బాగుందని కూడా చెప్పాడు. పోయిన చోటల్లా అది కబురు పంపుతుందని విన్నాక మొహం మారింది.

"అంటే నేను వేటాడే చోటు నీకు తెలుసా?"

"పటం గీశానండీ. ఎల్లుండి శాస్త్రవేత్తల సభలో చూపించాలి."

"అది నా పెళ్లానికే చెప్పలేదురా." ప్యో లేచి గోళాన్ని గిహో వైపు తన్నాడు. "తీసుకుపో. ఆ సుడిని మాత్రం చంపెయ్ నాయనా."

గిహో మాటిచ్చాడు. తిరిగొచ్చి నామ్‌గుంగ్‌కి ఉన్నదున్నట్టు చెప్పి, ఉద్యోగం పోయిందనుకుని నిలబడ్డాడు. నామ్‌గుంగ్ నవ్వలేదు, తిట్టలేదు.

"ఇంకెవరికి తెలుసు?"

"పడవ కెప్టెన్‌కండీ. ఆయన చచ్చినా చెప్పడు."

"నేనూ చెప్పను."

సభలో గిహో పటం చూపించలేదు. సుడి మొన్నటి పెనుగాలికి అంతరించిందని చదివాడు. నామ్‌గుంగ్ దగ్గరి చుట్టం పోయినట్టు తల వంచుకు కూర్చున్నాడు. ఎవరో ఓదార్చారు కూడా.

కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. సుడి మళ్లీ పుడుతుందేమో చూడాలట.