దగ్గుమందు మూత గుర్రం

చదరంగం కనిపెట్టిన మహానుభావులారా, దగ్గుమందు తయారుచేసే పెద్దలారా, ఎల్బీ నగర్‌లో మా పైవాటాలో ఉండిన శ్రావణీ! ఈ పోస్టు రాస్తున్నందుకు మీ అందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెబుతున్నాను. తప్పు నాది కాదు, దగ్గుది.

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో సిరప్ కొని మూత తిప్పగానే, ఆ తియ్యటి ఘాటు నన్ను తొమ్మిదేళ్లవాణ్ణి చేసేసింది. మీ ఇళ్లలోనూ ఒక పావు పోతే దాని స్థానంలో ఏదో ఒక మూత కూర్చునేది కదూ? ఆ వినాయక చవితికి మా నల్ల గుర్రం మాయమైంది. బదులుగా సిరప్ మూత పెట్టుకున్నాం.

ఆట గెలిచినవాళ్లకు నిమజ్జనం లారీలో డ్రైవర్ పక్క సీటు. ఉన్నది ఒక్కటే. నేను తెల్లపావులు తీసుకుని, మూతతో సహా నల్లవాటిని శ్రావణికి ఉదారంగా ఇచ్చాను.

ఆమె ఆ మూతను తెచ్చి బోర్డు నడిమధ్య నిలబెట్టింది. అక్కడినుంచి అది ఎనిమిది గళ్లను కాపలా కాస్తోంది. నేనేది కదపబోయినా దాని నోట్లోకే. 

"నాకే ఎక్కువ పావులున్నయ్ తాతా," అన్నాను ధైర్యం కోసం, పక్కన కూర్చుని ఆట చూస్తున్న మా తాతతో.

"లెక్కకున్నయ్ రా. నీ ఏనుగులు రెండూ ఇంకా కొట్టంలనే కట్టేసి ఉన్నయ్. ఏం పనికొస్తున్నయ్?" అన్నాడు తాత.

"మేత వేసి రమ్మంటారా తాతగారూ?" అంటూనే శ్రావణి మూతను దూకించింది. ఒకే దెబ్బకు రాజుకు చెక్, మంత్రికి గండం. రాజును తప్పించాను, మంత్రి పోయాడు. వాడితోపాటే సీటూ పోయింది.

ఇక ఒక్క నిజం. ఆ గుర్రం ఎక్కడా పోలేదు. మూతతో ఆడితే తికమకపడి శ్రావణి ఓడిపోతుందని, ముందురోజే నేనే దాన్ని నా జామెట్రీ బాక్సులో దాచాను.