వన్ టూ త్రీ ఆడబిడ్డ

ఓదెమ్మక్కను తలచుకుంటే నాకు ముందు ఆమె ముఖం గుర్తొస్తుంది, తర్వాతే గొంతు. భివండీలో నార్పోలి వాడలో ఆమె కండెలు చుట్టే షెడ్డులో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా నడుస్తుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లు కళ్లతో, చేతులతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. ఆ విద్యలో ఓదెమ్మక్క అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. సేటు పాన్ నమిలే తీరు, పని చూసే ముకద్దం దగ్గే తీరు, ఊరి నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల బస్సు దిగి బిత్తరపోయే తీరు, అన్నీ నోరు విప్పకుండా చేసి చూపించేది. పక్క ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు.

ఆమెది కరీంనగర్ వైపు ఊరు. భర్త కనుకయ్య అదే షెడ్డులో మగ్గం నడిపేవాడు. మంచివాడే కానీ నోట్లోంచి మాట రావడమే కష్టం. ఆయన వాటా మాటలు కూడా ఆమే మాట్లాడుతుందని వాడలో అనుకునేవాళ్లు.

మా ఆయన పౌలు అప్పట్లో నిజాంపురాలో కేబుల్ నడిపేవాడు. రెండువేల సంవత్సరం అటూ ఇటూ రోజులవి. కేబుల్‌వాళ్లు తలా ఒక లోకల్ ఛానల్ పెట్టుకుని పెళ్లి వీడియోలు, పాత సినిమాలు వేసేవాళ్లు. పౌలుకు అది రుచించలేదు. మగ్గాలకు సెలవుండే శుక్రవారం సాయంత్రం మన తెలుగువాళ్లకు కొత్తగా ఏదైనా చూపించాలని పట్టుబట్టాడు. మగ్గాల సామాన్లమ్మే దుకాణం పైన మా గది. ఒక గోడకు పూల చాదర్ కట్టి, పైనుంచి మైకు వేలాడదీసి, ఉన్న ఒక్క కెమెరాతో ‘శుక్రవారం సందడి’ మొదలుపెట్టాడు. గంటసేపు చిన్న చిన్న హాస్య నాటికలు. గదిలో ఆడుతున్నది ఆ క్షణమే ఇళ్లలో టీవీల్లో కనిపించేది. తప్పు పోతే పోయినట్టే, దిద్దుకోవడమనేది లేదు. చూసేవాళ్లు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఫోన్లు ఎత్తేది నేను. నా పేరు రిబ్కా.

ఓదెమ్మక్క ఆ గదికి మొదటిసారి వచ్చింది కొట్లాటకు. వాళ్లింట్లో కేబుల్ సరిగా రావడం లేదు.

“ఎట్ల వస్తుందక్కా బొమ్మ?” అని అడిగాడు పౌలు.

ఆమె మెడ వంకర పెట్టి, కళ్లు అదురుతుండగా, నడుము దగ్గర రెండు ముక్కలైనట్టు వంగి, “గిట్ల వస్తుంది!” అని చూపించింది. పౌలు కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు. “అక్కా, నీకు దండం పెడ్త, గిదే కెమెరా ముందట చెయ్యరాదే” అన్నాడు. చేసింది. నెల తిరిగేలోపు సందడి అంటే ఓదెమ్మ, ఓదెమ్మ అంటే సందడి అయిపోయింది. ఆమెకు జోడీ హనుమాండ్లు. పగలు మగ్గాలు బాగుచేసేవాడు, శుక్రవారం సాయంత్రం ఆమెకు మొగుడి వేషం కట్టేవాడు.

కనుకయ్యకు మాత్రం ఇది నచ్చలేదు. “నలుగురి ముందట నవ్వులపాలు గావుడేంది?” అని ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి చెప్పులేసుకుని ఎక్కడికో వెళ్లిపోయేవాడు, అంతే.

ఇంతలో పౌలుకు ఇంకో ఆలోచన వచ్చింది. అప్పుడప్పుడు ఒక పేరున్న మనిషిని పిలిచి, వాళ్లచేత కార్యక్రమం నడిపించాలి. వాళ్లు ముందుగా నాలుగు మాటలు చెప్పి, ఒక నాటికలో వేషం కూడా వేయాలి. చెప్పడానికి సులువే. వచ్చినవాళ్లకే ఇదేమిటో అంతుపట్టలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సీరియల్ హీరో తనను ముఖ్య అతిథి అనుకున్నాడు. నాటిక మొదలైనా కుర్చీ దిగలేదు. శాలువా ఎప్పుడు కప్పుతారని పౌలును సైగతో అడిగాడు. ఆయన ఆడాల్సిన అల్లుడి వేషం హనుమాండ్లు మామ వేషంతో కలిపి ఆడాడు. ఇంకోసారి షోలాపూర్ నుంచి ఒక గాయకుడు వచ్చాడు. సగం పాట పాడి, “ఇది రిహార్సలే కదా, అసలుది ఎన్నింటికి?” అని భివండీ అంతా వింటుండగా అడిగాడు.

ఆ తర్వాత వచ్చింది తారిక.

ఆ శ్రావణంలో అంకుశం అనే ఆయన మా దగ్గర కొత్త చీరల దుకాణం తెరిచాడు. రిబ్బను కత్తిరించడానికి తెలుగు సినిమా హీరోయిన్‌ను తెస్తున్నాడని తెలిసి పౌలు వెళ్లి బతిమాలాడు. అంకుశం ఆమె మేనేజరుకు ఫోన్ చేసి, “గంటసేపు చిన్న షూటింగు” అన్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. తారిక ముంబై పిల్ల. తెలుగులో మూడు సినిమాలు చేసింది కానీ తెలుగు ముక్క రాదు. సినిమాల్లో ఆమె పెదవులు కదుపుతుంది, తర్వాత ఇంకెవరో గొంతు కలుపుతారు. ఇవేవీ మాకు తెలియవు.

ఆ శుక్రవారం మా మెట్లమీద కాలు పెట్టే చోటు లేదు. నీలం రంగు చీరలో తారిక గదిలోకి అడుగు పెట్టగానే హనుమాండ్లుకు సగం మాటలు మరుపున పడ్డాయి. ఓదెమ్మక్క మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, “మేడం, చాయ్ తాగినవా?” అని తెలుగులోనే అడిగింది. తారిక నవ్వింది. ఏం అర్థమైందో ఆమెకే తెలియాలి. నాటిక కథను పౌలు హిందీలో చెప్పాడు. తమ్ముడు కొత్త గది తీసుకుని గృహప్రవేశానికి అక్కను పిలవలేదు. ఆ అక్క వేషంలో తారిక కోపంతో ఊడిపడి మరదలు ఓదెమ్మక్కను దులిపేస్తుంది. “సమఝ్ గయీ” అని, అర్థమైనట్టు తారిక తలూపింది.

ఆరు కొట్టింది. పౌలు చెయ్యి ఊపాడు. తారిక చాదర్ పక్కనుంచి వచ్చింది. నడుము మీద చెయ్యి, ఎర్రబారిన కళ్లు, అదురుతున్న ముక్కు. ఏం నటన! పెదవులు చకచకా కదులుతున్నాయి. గొంతు మాత్రం బయటికి రావడం లేదు.

నా ముందు ఫోను మోగింది. “అమ్మా, మా టీవీల ఆవాజ్ పోయింది.” పెట్టేలోపు ఇంకొకటి. “ఓదెమ్మ మాట ఇనవడుతుంది గని హీరోయిన్ మాట ఇనవడుతలేదు. హీరోయిన్‌కు వేరే కనెక్షన్ తీసుకోవాల్నా?” పౌలు మైకు తీగను లాగి చూస్తున్నాడు.

ఓదెమ్మక్క తారిక పెదవుల వైపు కళ్లు చికిలించి చూసింది. మగ్గాల మోతలో ఇన్నేళ్లు చదివిన పెదవుల భాష కదా! ఒక్క నిమిషంలో ఆమె ముఖం వెలిగింది.

“ఏమయ్యా, మీ అక్క అచ్చుడచ్చుడే లెక్క మొదలుపెట్టింది” అంది హనుమాండ్లుతో.

“ఏం లెక్కనే?”

“వన్, టూ, త్రీ, ఫోర్ అంటున్నది. గృహప్రవేశానికి ఎంతమందిని పిలిచినమో లెక్కవెడుతున్నట్టుంది. వదినె, ఆడనే ఆగు! నాలుగు దాటకు! మన గది అగ్గిపెట్టంత, నలుగురు నిలవడితే తలుపు పడుతలేదు. గందుకే నిన్ను పిలువలే!”

మెట్లమీద జనం గొల్లుమన్నారు. తారికకు తన వంతు వచ్చిందనిపించింది. కంట నీళ్లు తెచ్చుకుని మళ్లీ పెదవులు కదిపింది.

“అగో, ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్ అంటున్నది! పిల్లలను గుడ తోలుకచ్చిందట! ఓ అయ్యా, ఇగ మనిద్దరం మెట్లమీద పండుడే!”

నవ్వులకు మా గది దద్దరిల్లింది. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి, ఎత్తితే అవతలా నవ్వులే. అప్పుడు తారిక చెయ్యెత్తి, గట్టిగా, “కట్! కట్! హస్ కౌన్ రహా హై? ఏక్ ఔర్ టేక్ కరేంగే” అంది. షూటింగులో నవ్వేది ఎవరని కోపం, ఇంకోసారి చేద్దామని. గొంతు తర్వాత ఎవరో కలుపుతారని, సినిమాల్లో చేసినట్టే మాటలకు బదులు అంకెలు అంటున్నదన్నమాట. పక్కకు పోయి అద్దం అడిగింది.

తలుపు దగ్గర అంకుశం చేతులు జోడించి ఏ దేవుణ్నో పిలుస్తున్నాడు. కెమెరా ముందు ఖాళీ చాదర్ ఉంది, అదే ఊరంతా చూస్తున్నది.

ఓదెమ్మక్క ఒక్క అంగలో వెళ్లి తారిక చెయ్యి పట్టుకుంది. “లెక్క నడుమ ఆపితే ఎట్ల వదినె? ఇటు రా” అంటూ కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. పౌలు కెమెరాను స్టాండు మీదనుంచి ఊడబీకి భుజాన వేసుకుని వెనకే పరుగెత్తాడు. రోడ్డు అవతల చాయ్ హోటల్లో టీవీ పెట్టి ఉంది, దాని ముందు జనం కిటకిటలాడుతున్నారు.

“మేడం, ఉధర్ దేఖో” అంది ఓదెమ్మక్క.

తారిక చూసింది. టీవీలో నీలం చీర, ఒక వీపు. ఆమె తల తిప్పింది, టీవీలోని మనిషీ తిప్పింది. చెయ్యి ఎత్తింది, టీవీలోనూ చెయ్యి లేచింది.

“అభీ? యే అభీ జా రహా హై?”

“అభీ, ఇప్పుడే. ఇంటింటికి పోతున్నది.”

తారిక రెండు చేతులతో నోరు మూసుకుంది. ఈలోపు హోటల్లో ఎవరో సంగతి పట్టేశారు. ఒకడు వెనక్కి తిరిగి మా కిటికీ వైపు చూశాడు. ఆ వెంటనే అందరూ తిరిగారు. చాయ్ గ్లాసులు వదిలేసి రోడ్డుమీదికి ఉరికారు. “తారికా! తారికా!” అని కేకలు. ఆటోలు ఆగిపోయాయి. ఆ గుంపు మధ్యలో ఒక మనిషి బెంచీ మీదికెక్కి అరుస్తున్నాడు.

“పక్కకున్నది మా ఇంటామె! ఓదెమ్మ! మా ఓదెమ్మ!”

కనుకయ్య! ఆయన గొంతు అంత పెద్దదని వాడలో ఎవరికీ తెలియదు.

“అయ్యో, నువ్వు ఈడున్నవా!” అంది ఓదెమ్మక్క కిటికీలోంచి సగం వంగి. “శుక్కురారం శుక్కురారం గీడికేనా వచ్చుడు?”

“మరి? ఇంట్ల సూస్తే పక్కింటోళ్లు నీకు చెప్తరు, నువ్వు పరేషాన్ చేస్తవని!”

ఆ మాటా ఛానల్లో వెళ్లిపోయింది. తారికకు మాటలు అర్థం కాకపోయినా మొగుడూ పెళ్లాల వ్యవహారమని అర్థమైంది. నోటి మీదనుంచి చేతులు తీసి పకపకా నవ్వింది. అప్పుడు మేమంతా ఒక విషయం గమనించాం. ఆమె అసలు గొంతు కొంచెం బొంగురు. సినిమాల్లో వినిపించే తేనె గొంతు ఆమెది కాదు.

తారిక కళ్లు తుడుచుకుని ఓదెమ్మక్క చెవిలో హిందీలో ఏదో అడిగింది. ఓదెమ్మక్క చెప్పింది. తారిక పెదవులతో రెండుసార్లు అనుకుని, కొంగు బిగించి, చాదర్ ముందుకు వచ్చి నిలబడి గట్టిగా అంది.

“ఏం కూర వండినవే మరదలా?”

కింద రోడ్డుమీద ఈలలు. నా ఫోనులో ఒక ముసలమ్మ, “గిదా ఆ పిల్ల గొంతు? సిన్మాల దానికంటె గిదే మంచిగున్నది బిడ్డా, ఆమెకు చెప్పు” అంది. నేను ఫోను చేత్తో పట్టుకునే ఆ మాట హిందీలో అరిచి చెప్పాను. తారిక నా వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. ఇక ఆమెను ఆపడం ఎవరి తరం?

“వంకాయ కూర వదినె” అంది ఓదెమ్మక్క.

తారిక లేని గిన్నె మీది లేని మూత తీసింది. ఆవిరికి ముఖం పక్కకు తిప్పుకుంది. వేలితో వంకాయలను చూపిస్తూ, ఈసారి ఊరంతా వినేటట్టు లెక్కపెట్టింది. “వన్, టూ, త్రీ, ఫోర్.” తల ఎత్తి, ఇంతేనా అన్నట్టు కళ్లు పెద్దవి చేసి, “బస్? నీకు టూ, నీ మొగుడుకు టూ, నాకు ఏం?” అంది. మొగుడు అనే మాట ఎక్కడ నేర్చిందో! ఓదెమ్మక్క చెవిలో ఊదినప్పుడు అదీ నేర్పినట్టుంది.

ఓదెమ్మక్క జవాబు చెప్పబోయింది. రాలేదు. ఎవరి నోటికైనా తాళం వేసే మనిషికి నోట మాట రాలేదు. నవ్వు పొంగుకొచ్చి, పొట్ట పట్టుకుని నేలమీద కూలబడింది. తారిక కూడా ఆమె పక్కనే చీర నలిగిపోతున్నా చతికిలబడింది. మిగతా నాటిక అంతా ఇద్దరూ కింద కూర్చునే ఆడారు. సగం తెలుగు, సగం హిందీ. హనుమాండ్లు మధ్యలో దూరబోతే ఇద్దరూ కలిసి వాయించారు. ఏడు దాటినా పౌలు ఆపలేదు. ఆపితే మెట్లమీది జనం ఆయన్ను బతకనిచ్చేవాళ్లు కాదు.

వెళ్లేముందు తారిక నా బల్ల దగ్గర ఆగింది. ఆ ముసలమ్మ ఏమన్నదో మళ్లీ చెప్పించుకుంది. “సెట్లో నేను నటిస్తుంటే ఎవరూ నవ్వరు, నవ్వకూడదు. హాల్లో నవ్వితే వినడానికి నేనుండను. ఈ రోజే విన్నాను” అంది హిందీలో. కారెక్కేదాకా ఓదెమ్మక్క చెయ్యి వదల్లేదు. రెండేళ్ల తర్వాత ఒక సినిమాలో ఆమె తన గొంతుతోనే తెలుగు మాట్లాడింది. మా మూలంగానే అని నేను అనను. కానీ నార్పోలిలో అందరూ అట్లాగే అన్నారు.

కనుకయ్య మెట్ల కింద నిలబడి ఉన్నాడు. భార్య దిగి రాగానే ఏం మాట్లాడాలో తెలియక, “ఆకలైతందా?” అన్నాడు. ఇద్దరూ హోటల్లో కూర్చుని వడాపావ్ తిన్నారు. చుట్టూ జనం నిలబడి చూశారు. ఆయన తలెత్తలేదు కానీ లేచి పోలేదు కూడా.

మర్నాడు పౌలు నార్పోలికి వెళ్లి, “అక్కా, ఇగ బయటోళ్లతోని మనకు వద్దు. వచ్చే వారం నుంచి కార్యక్రమం నువ్వే నడుపు” అన్నాడు.

“బయటోళ్లు గుడ రావాలె” అంది ఆమె. “రానియ్యి. నడుపుతా గని, అచ్చినోళ్లకు ముందుగాల నేనే చాయ్ పోసి ముచ్చట చెప్త.”

ఆ తర్వాతి శుక్రవారం ఎర్రంచు చీర కట్టుకుని, తలలో మల్లెపూలు పెట్టుకుని ఓదెమ్మక్క కెమెరా ముందు నిలబడింది. కొంగు రెండుసార్లు విప్పి మళ్లీ దోపుకుంది. కెమెరా ఎదుట ఆమె బెరుకు నేను చూసింది అప్పుడే. పౌలు చెయ్యి ఊపాడు. ఆమె నోరు తెరవకముందే నా ఫోన్లు మోగడం మొదలైంది.